రీఫ్ ట్యాంక్ కొంటున్నారా? లీటర్లు చూసి పడిపోకండి, వెడల్పు చూడండి

గాడ్జెట్ల సైట్‌లో చేపల తొట్టి ముచ్చటేంటి అనుకునేవాళ్లు ఒక్కసారి రీఫ్ ట్యాంక్ సెటప్ చూడండి. పైన ఫోన్ యాప్‌తో నడిచే ఎల్ఈడీ, లోపల అలలు పుట్టించే డీసీ మోటార్, నీటి మట్టం తగ్గగానే తనంతట తనే నింపే సెన్సర్, టెంపరేచర్ కంట్రోలర్, స్టాండ్ కింద గుర్రుమనే చిల్లర్. ఇంట్లో ఉన్న టీవీ, ల్యాప్‌టాప్, రౌటర్ అన్నీ కలిపినా ఇన్ని విడిభాగాలు ఉండవు. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ కొడతాం. ఇది హ్యాంగ్ అయితే లోపలున్నవి చచ్చిపోతాయి. అందుకే దీని స్పెక్ షీట్ ఫోన్ కంటే జాగ్రత్తగా చదవాలని నా వాదన.

చదివేది మాత్రం తప్పుగా చదువుతున్నాం. కెమెరా అనగానే మెగాపిక్సెల్స్, బ్యాటరీ అనగానే ఎంఏహెచ్ అడిగినట్టే, ట్యాంక్ అనగానే "ఎన్ని లీటర్లు?" అంటాం. షాపువాడూ అదే చెప్తాడు, యూట్యూబ్ వీడియో థంబ్‌నెయిల్ మీదా అదే ఉంటుంది. లీటర్లు అనేవి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ గుణిస్తే వచ్చే అంకె. అందులో ఏది ఎంతో తెలియకుండా గుణకారం ఫలితం ఒక్కటే తెలిస్తే ఏం లాభం? 6.7 అంగుళాల స్క్రీన్ అని చెప్పి, అది ఫోనో చిన్న ట్యాబో చెప్పనట్టు ఉంటుంది.

నేను ఈ లెక్కలన్నీ మా ఊరు నర్సంపేటను దృష్టిలో పెట్టుకుని వేశాను. వారంలో సగం హైదరాబాద్ ఆఫీస్, సగం ఇంటి నుంచి పని. ట్యాంక్ ఉండేది నర్సంపేట ఇంట్లో, నేను లేనప్పుడు చూసుకోవాల్సింది అమ్మానాన్న. సముద్రం ఎటు కొలిచినా రెండొందల కిలోమీటర్ల పైమాటే. ఏసీ గదిలో కూర్చుని ఫ్లోరిడా వాళ్లు చేసిన వీడియోల్లో సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

ఒకే లీటర్లు, రెండు వేర్వేరు ట్యాంకులు

రెండు ట్యాంకులు తీసుకుందాం. మొదటిది 90 సెం.మీ. పొడవు, 38 వెడల్పు, 60 ఎత్తు. మన షాపుల్లో ఎక్కువగా కనబడే ఆకారం ఇదే. మూడడుగుల పొడవు, ఎదురుగా నిలబడితే పెద్ద టీవీలా కనిపిస్తుంది. లెక్క కడితే 205 లీటర్లు. రెండోది 90 పొడవు, 60 వెడల్పు, 40 ఎత్తు. ఇది 216 లీటర్లు. కాగితం మీద రెండూ ఇంచుమించు ఒకటే. వాడకంలో అస్సలు పోలిక లేదు. ఇక్కడ వెడల్పు అంటే ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా ఉన్న దూరం. కొందరు దీన్నే డెప్త్ అంటారు, ఇంకొందరు డెప్త్ అని ఎత్తును అంటారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఈ మాట దగ్గరే గొడవ వస్తుంది కాబట్టి బొమ్మ గీసి ఇవ్వండి.

ముందు రాళ్ల సంగతి. రీఫ్‌లో రాయి అలంకారం కాదు. వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా ఉండేది దాని రంధ్రాల్లోనే, పగడాలు అతుక్కునేదీ దాని మీదే. అద్దం తుడవడానికి చెయ్యి, మ్యాగ్నెట్ పట్టాలంటే, నీరు చుట్టూ తిరగాలంటే ముందు పది, వెనక పది సెం.మీ. ఖాళీ వదలాలి. 38 వెడల్పులో ఇరవై పోతే మిగిలింది 18. జానెడు కంటే తక్కువ! ఆ జానెడులో రాయి పేర్చాలంటే గోడ కట్టినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి. 60 వెడల్పులో మాత్రం 40 సెం.మీ. మిగులుతుంది. గుహ పెట్టొచ్చు, మెట్టు పెట్టొచ్చు, పగడం పెరగడానికి చోటు వదలొచ్చు. చిన్న ముక్కగా తెచ్చిన లెదర్ కోరల్ కొన్నాళ్లకు పళ్లెమంత అవుతుంది, దాని జాగా దానికి కావాలి.

తర్వాత వెలుతురు. నీటిలో కిందికి పోయేకొద్దీ కాంతి తగ్గుతుంది. 60 ఎత్తు ట్యాంక్‌లో ఇసుక మీద ఉన్న పగడానికి సరిపడా వెలుగు పంపాలంటే లైట్ పవర్ పెంచాలి, అప్పుడు పైన ఉన్నది మాడిపోతుంది. 40 ఎత్తులో ఈ తేడా చాలా తక్కువ, తక్కువ వాట్ల లైట్ చాలు. ఇంకో విషయం, ఒక మామూలు రీఫ్ ఎల్ఈడీ బాగా కవర్ చేసేది దాదాపు 60 బై 60 సెం.మీ. చదరం. 38 వెడల్పు ట్యాంక్ మీద పెడితే ఆ వెలుగులో మూడో వంతు పైగా అద్దం దాటి గోడ మీదా, సోఫా మీదా పడుతుంది. డబ్బు పెట్టి కొన్న వెలుతురు అది.

అద్దం మీద ఒత్తిడి కూడా ఎత్తును బట్టే. ముందు అద్దాన్ని నీరు నెట్టే బలం ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వెడల్పుతో దానికి సంబంధమే లేదు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే. 90 పొడవుకి 40 ఎత్తులో ఆ బలం సుమారు 74 కిలోల బరువుతో సమానం, 60 ఎత్తులో సుమారు 166 కిలోలు. అంటే అదే పొడవుకి రెట్టింపు దాటిన బలాన్ని అవే సిలికాన్ జాయింట్లు మోయాలి. అద్దం మందం పెరుగుతుంది, ధర పెరుగుతుంది, రాత్రి నిద్రలో టప్ మని శబ్దం వస్తే గుండె ఆగినంత పని అవుతుంది.

ఇక చెయ్యి. స్టాండ్ ఎత్తు 75, దాని మీద 60 ఎత్తు ట్యాంక్ అంటే పై అంచు 135 సెం.మీ. దగ్గరికి వస్తుంది. అమ్మ స్టూల్ ఎక్కినా అడుగున బోర్లాపడిన నత్తను తీయలేదు. 40 ఎత్తైతే మోచేయి పైదాకా తడిస్తే పని అయిపోతుంది. ట్యాంక్ కొన్నవాళ్లు మానేయడానికి పెద్ద కారణం చేపలు చావడం కాదనీ, శుభ్రం చేయడం విసుగు పుట్టడమనీ నా అనుమానం.

నర్సంపేట ఎండ ముందు నానో నిలబడదు

"బిగినర్‌వి కదా, చిన్న నానోతో మొదలుపెట్టు" అనేది అందరూ ఇచ్చే సలహా. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని, కనీసం మన వాతావరణంలో. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. అలవాటైన వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పైన కొన్ని వారాలుంటే సముద్రంలోనే అవి తెల్లబడిపోతాయి. 1998లోనూ, 2016లోనూ లక్షద్వీప్‌లో జరిగింది అదే. మన దగ్గర మే నెలలో బయట 42, 43 మామూలే. మధ్యాహ్నం స్లాబ్ కింద గది 38 దాకా పోతుంది.

30 సెం.మీ. క్యూబ్ తీసుకోండి. 27 లీటర్లు. దాని ఆరు వైపుల ఉపరితలాన్ని నీటి పరిమాణంతో భాగిస్తే ఒక్కో లీటరుకు 200 చదరపు సెం.మీ. వస్తుంది. 90×60×40లో అదే లెక్క లీటరుకు 106 దగ్గర ఆగుతుంది. వేడి లోపలికి వచ్చేది ఆ ఉపరితలం నుంచే కాబట్టి, ఒకే గదిలో పక్కపక్కన పెడితే నానో దాదాపు రెట్టింపు వేగంతో వేడెక్కుతుంది. ఒక నత్త చచ్చి కుళ్లినా, అమ్మ "పాపం ఆకలేస్తుందేమో" అని ఒక చిటికెడు ఎక్కువ మేత వేసినా, 27 లీటర్లలో ఆ విషం గాఢత 230 లీటర్ల సిస్టమ్ కంటే ఎనిమిది రెట్లకు పైనే. నానో అంటే చిన్న స్క్రీన్ ఉన్న బడ్జెట్ ఫోన్ లాంటిది కాదు. కస్టమ్ రామ్ ఫ్లాష్ చేసిన ఫోన్ లాంటిది. ఏం చేస్తున్నామో తెలిసినవాళ్ల బొమ్మ.

సరే, చిల్లర్ ఖర్చైనా తగ్గుతుందా అంటే అదీ లేదు. మార్కెట్లో మామూలుగా దొరికే చిన్న కంప్రెసర్ చిల్లర్ పదో వంతు హార్స్‌పవర్‌ది. 27 లీటర్లకైనా అదే, 216 లీటర్లకైనా అదే. ఇక్కడే నాకు ట్యాంక్ పై పరిమితి దొరికింది. గది 38, నీరు 26 అనుకుని అద్దాల నుంచి వచ్చే వేడి, పంపుల వేడి, లైట్ వేడి కలిపితే 90×60×40 ట్యాంక్‌కు స్థూలంగా 200 వాట్లకు కాస్త పైన తేలింది. ఆ చిన్న చిల్లర్ లాగగలిగేది 250 నుంచి 300 వాట్ల వేడి. అంటే చాలుతుంది, కానీ ఎక్కువ మిగలదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ట్యాంక్‌కు వెళ్తే అదే లెక్క 350 దగ్గరికి పోయి చిల్లర్ సైజు మార్చాల్సి వస్తుంది, దానితో పాటు కరెంట్ కూడా. చిల్లర్ తీసిన వేడిని గదిలోకే వదులుతుందని మర్చిపోకండి. దాన్ని మూసి ఉన్న స్టాండ్ లోపల పెడితే తన వేడిని తనే పీల్చుకుని చస్తుంది.

ఫ్యాన్ పెడితే చాలదా? ఫ్యాన్ పనిచేసేది మన ఇంటి కూలర్ సూత్రంతోనే. లీటర్ నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. ఏప్రిల్, మే పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది, వెడల్పు ట్యాంక్‌లో ఇంకా బాగా పనిచేస్తుంది. జూలైలో ముసురు పట్టాక కూలర్ ఎలా ఉత్తి గాలి కొడుతుందో ఇదీ అంతే. చిల్లర్‌కు తోడుగా ఫ్యాన్ మంచిది, చిల్లర్ బదులుగా కాదు.

నా వాదనకు ఎదురు తిరిగే లెక్క ఒకటుంది, దాన్ని దాచను. ఎండకు నీటి మట్టం రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందనేది ట్యాంక్ ఎంత పెద్దది అనేదాని మీద ఆధారపడదు. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి మన పాఖాల చెరువైనా, గాజు తొట్టైనా దిగేది మిల్లీమీటర్లే. ఆవిరయ్యేది మంచినీరు, ఉప్పు లోపలే ఉండిపోతుంది. రోజుకు 5 మిల్లీమీటర్లు పోతే 60 ఎత్తు ట్యాంక్‌లో మూడు రోజులకు రెండున్నర శాతం నీరు తగ్గుతుంది, 40 ఎత్తులో మూడు ముప్పావు శాతం. లీటరుకు 35 గ్రాముల ఉప్పు 36 దాటిపోతుంది. అంటే ఉప్పు నిలకడ విషయంలో ఎత్తు ట్యాంకే మెరుగు. కానీ దీనికి మందు ఉంది, ఆటో టాప్ ఆఫ్. చిన్న సెన్సర్, చిన్న పంపు, పక్కన 20 లీటర్ల క్యాన్. మన ట్యాంక్‌కు రోజుకు 2.7 లీటర్లు అనుకుంటే క్యాన్ దాదాపు వారం వస్తుంది. ఇరుకు ట్యాంక్‌ను వెడల్పు చేసే సెన్సర్ మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

జీరో బిల్లు గీత

ఇది ఏ విదేశీ గైడ్‌లోనూ ఉండదు. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హత ఉన్న ఇళ్లకు జీరో బిల్లు వస్తుంది. మా వీధిలో చాలా ఇళ్లకు అదే ఆధారం. గీత దాటితే దాటిన ఇరవై యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి.

90×60×40 ట్యాంక్‌కు లైట్ 100 వాట్లు ఎనిమిది గంటలు, రిటర్న్ పంప్ 25 వాట్లు, వేవ్‌మేకర్ 10, ప్రోటీన్ స్కిమ్మర్ 15 రోజంతా. రోజుకు కచ్చితంగా 2 యూనిట్లు, నెలకు 60. ఇప్పటికే 160 వాడుతున్న ఇంట్లో ఇది పెడితే 220. ఇప్పుడున్న శ్లాబుల్లో మొదటి 200కి యూనిట్ రూ. 5.10, ఆపైన రూ. 7.70. అంటే నిన్నటిదాకా సున్నా ఉన్న చోట ఎనర్జీ చార్జీలే రూ. 1,174. వేసవిలో 150 వాట్ల చిల్లర్ రోజుకు 16 గంటలు తిరిగితే ఇంకో 72 యూనిట్లు, మొత్తం 292, బిల్లు రూ. 1,728 దాటుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. జీతం వచ్చేవాడికి ఇది రెండు పిజ్జాల ఖర్చు. నాన్న పేరు మీద ఉన్న మీటర్, నాన్న జేబులోంచి కట్టే బిల్లు అయితే కథ వేరే. "గిన్ని నీళ్లకు గంత కరెంటా?" అని అమ్మ అడిగితే సమాధానం ముందే దగ్గర పెట్టుకోండి.

అందుకే నా సలహా: గత 12 నెలల బిల్లుల్లో యూనిట్లు రాసుకోండి, ముఖ్యంగా ఏప్రిల్, మే. 140 లోపు ఉండే ఇల్లైతే చలికాలంలో గీత దాటకుండా గట్టెక్కొచ్చు. వేసవిలో దాటుతుంది, ఆ మూడు నాలుగు నెలల బిల్లు ఎవరు కట్టాలో ట్యాంక్ రాకముందే ఇంట్లో తేల్చుకోండి. ఇంకా తగ్గించాలంటే 60×60×40 చూడండి. 144 లీటర్లు, ఒకే లైట్ చదరంగా కప్పేస్తుంది, వెడల్పు ఏమీ పోలేదు. 120×45×60కి వెళ్లడం కంటే ఇటు దిగడమే తెలివైన పని.

కరెంట్ పోయినప్పుడు

వానాకాలం గాలిదుమారం వస్తే కరెంట్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పంపులు ఆగిన క్షణం నుంచి నీటిలో ఆక్సిజన్ తగ్గడం మొదలు, కొత్తది వచ్చేది పై ఉపరితలం నుంచే. లీటరుకు ఎంత ఉపరితలం ఉందో చూస్తే ఎత్తు తక్కువున్న ట్యాంకే గెలుస్తుంది. 60 ఎత్తుతో పోలిస్తే 40 ఎత్తు ట్యాంక్‌కు లీటరుకు ఒకటిన్నర రెట్లు పై భాగం ఉంటుంది. ఇంటి ఇన్వర్టర్‌కు వేవ్‌మేకర్, రిటర్న్ పంప్ కలపండి, 35 వాట్లే కాబట్టి ఒక ఫ్యాన్ కంటే తక్కువ. చిల్లర్‌ను మాత్రం కలపకండి.

వెడల్పు ట్యాంక్ కొనేవాళ్లు ఒకటి తప్పక చూడాలి. కరెంట్ పోగానే ఓవర్‌ఫ్లో అంచు పైనున్న నీరంతా కింద సంప్‌లోకి దిగుతుంది. 90×60 ఉపరితలం మీద రెండు సెం.మీ. అంటే 10.8 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే కరెంట్ పోయిన ప్రతిసారీ హాల్లో ఉప్పునీరు. స్టాండ్ లోపలి కొలతలు తీసుకుని సంప్ సైజు ముందే నిర్ణయించండి, పదిహేను లీటర్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేట్టు.

ఏం పెంచబోతున్నారు? చట్టం ముందే చెప్పేసింది

విదేశీ వీడియోల్లో కనిపించే రంగురంగుల రాతి పగడాల ట్యాంక్ మన దేశంలో లక్ష్యంగా పెట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో రీఫ్ కట్టే పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా. పులి ఉన్న జాబితా అది. సముద్ర గుర్రాలు కూడా అందులోవే. "ఇంపోర్టెడ్ సార్, ఏం కాదు" అని ఎవరైనా వాట్సాప్‌లో ఫొటో పంపితే బ్లాక్ చేయండి. మన దేశంలో రీఫ్‌లు ఉన్నవి ప్రధానంగా మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో. అక్కడి నుంచి కోసుకొచ్చిన ముక్క మీ హాల్లో వెలిగితే అది హాబీ కాదు. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ బదులు కృత్రిమ సిరామిక్ రాయి వాడండి, నెమ్మదిగానైనా అదీ అంతే పనిచేస్తుంది.

దీనికీ ట్యాంక్ సైజుకూ సంబంధం ఏంటంటే, చాలా ఉంది. రాతి పగడాలను పక్కన పెట్టాక మిగిలేవి జోవాంథిడ్స్, మష్రూమ్‌లు, లెదర్ లాంటి మెత్తనివి. అవైనా బిల్లు ఇచ్చే చోటే కొనండి. వీటికి మరీ ఎక్కువ వెలుతురూ, ఉధృతమైన ప్రవాహమూ అక్కర్లేదు. కాబట్టి పెద్ద పంపులు, రెండు మూడు లైట్లు, కాల్షియం పోసే డోసింగ్ మెషిన్లు అక్కర్లేదు. అవి పైకి కాకుండా పక్కకి పాకుతూ పరుచుకుంటాయి. వాటికి కావాల్సింది నేల, అంటే మళ్లీ వెడల్పే. చేపల్లో క్లౌన్ ఫిష్ జంట, ఒక గోబీ, ఒక బ్లెన్నీ. క్లౌన్ ఫిష్‌ను హ్యాచరీలో పుట్టించే పద్ధతిని మన సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలే అభివృద్ధి చేశారు, సముద్రం నుంచి పట్టినది కాకుండా హ్యాచరీ పిల్లనే అడగండి. "ఫైండింగ్ నీమో"లో డోరీ కావాలంటారా? ఆ బ్లూ టాంగ్ ఈదడానికి ఆరడుగుల పొడవైనా కావాలి. మూడడుగుల్లో పెట్టడం అంటే మనిషిని లిఫ్ట్‌లో కాపురం పెట్టమన్నట్టే.

ఆరడుగులదే తీసుకుందాం అనేవాళ్లకు ఒక్క లెక్క చాలు. 180×60×60 అంటే 648 లీటర్లు. వారానికి పది శాతం నీరు మార్చాలంటే 65 లీటర్లు, మూడు క్యాన్లకు పైనే, 2.3 కిలోల దిగుమతి ఉప్పు. ప్రతి వారం. మన 90×60×40లో సంప్‌తో కలిపి అసలు నీరు 230 లీటర్ల దగ్గర ఉంటుంది. వారానికి 23 లీటర్లు, 800 గ్రాముల ఉప్పు. ఒక్క మనిషి ఆదివారం పొద్దున అరగంటలో ముగించే పని. ఆ నీళ్లు కూడా బోరు నీళ్లు, తాగే ఆర్ఓ నీళ్లు పనికిరావు. ఆర్ఓ తర్వాత డీఐ రెజిన్ గుండా పంపి టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి.

బరువు గురించి హైదరాబాద్ ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు ఎక్కువ ఆలోచించాలి. నీళ్లు, రాళ్లు, అద్దం, స్టాండ్, సంప్ కలిపితే మన ట్యాంక్ 400 కిలోల దగ్గరికి వస్తుంది, అదీ అర చదరపు మీటర్ మీద. ఇళ్ల గదుల స్లాబులను మన ప్రమాణాల ప్రకారం లెక్కించేది చదరపు మీటర్‌కు సుమారు 200 కిలోల భారానికి. గది మొత్తం మీద పంచుకుంటుంది కాబట్టి వెంటనే కూలిపోదు, అయినా గది మధ్యలో పెట్టొద్దు. బీమ్ మీద, గోడ వారగా పెట్టాలి, ఇంజినీర్‌ను ఒక మాట అడగాలి. నర్సంపేటలో సొంతిళ్లు ఎక్కువ కాబట్టి కింది గదిలో నేల మీదే పెట్టేయండి. మేడ మీద గది ఎటూ వద్దు, స్లాబ్ ఎండ మొత్తం అక్కడే దిగుతుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు

రెడీమేడ్ ట్యాంకుల్లో ఈ కొలతలు దొరకడం కష్టం. అద్దం కోసి అతికించేవాళ్లు వరంగల్, హనుమకొండలో ఉన్నారు, చేయించుకోవడమే నయం. 90×60×40 అని రాసి, 60 అనేది ముందు నుంచి వెనక్కి అని పక్కనే బాణం గుర్తు వేయండి. అద్దం 10 మిల్లీమీటర్లకు తగ్గొద్దు, ఓవర్‌ఫ్లో రంధ్రం ట్యాంక్ అతికించకముందే వేయించాలి. అతికించాక కనీసం వారం ఆగి, వాకిట్లో మంచినీళ్లతో నింపి మూడు రోజులు చూడండి.

ఈలోపు ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. పాత ఫ్రిజ్ డబ్బా అట్టను 90×60 కోసి, ట్యాంక్ పెట్టాలనుకున్న చోట నడుము ఎత్తులో ఒక వారం ఉంచండి. సాయంత్రం కిటికీ ఎండ దాని మీద పడుతుందా, బీరువా తలుపు తగులుతుందా, ప్లగ్ పాయింట్ ఎంత దూరం, చిల్లర్ వెనక జానెడు గాలి ఆడుతుందా, అమ్మ ఊడ్చేటప్పుడు ఎన్నిసార్లు తిడుతుంది, అన్నీ తెలుస్తాయి. 90 ఎక్కువైంది అనిపిస్తే 75కి దిగండి, 60కి దిగండి. వెడల్పు 60ని మాత్రం ముట్టుకోకండి.